ఒడ్డు మనిషి

నవంబర్ 9, ఆదివారం

సుధ ఫొటో పంపింది. తడిసిన జుట్టు, వెనక సముద్రం. కింద ఒక్క ముక్క: “ఈత నేర్చుకున్నా నాన్నా.”

చాలాసేపు చూశాను. బాగుంది అని రాశాను. తుడిపేశాను. జలుబు చేస్తుంది, తల తుడుచుకో అని పంపాను.

విశాఖకి బదిలీ అయినప్పటి నుంచి అది ఒక్కర్తే ఉంటోంది. బ్యాంకు, ఇల్లు, అంతే అనుకున్నాను. సముద్రం సంగతి నాకు తెలియదు. వసుమతికి తెలిసే ఉంటుంది. సెప్టెంబర్ దాకా తల్లీకూతుళ్లే మాట్లాడుకునేవారు. నా వంతుకి వచ్చేది చివర్లో “తిన్నావా నాన్నా” ఒక్కటే.

సాయంత్రం అబిడ్స్ దాకా నడిచాను. వసుమతి పోయాక అటు వెళ్లడం ఇదే మొదలు. పేవ్‌మెంట్ మీద పుస్తకాలు మామూలుగానే పరిచారు. సముద్రశాస్త్రం మీద డిగ్రీవాళ్ల పాత పుస్తకం ఒకటి దొరికింది. కొన్నాను. ఊరికే.

నవంబర్ 11

విశాఖ దగ్గర నీళ్లు 28 డిగ్రీలు. ఫోన్‌లో రోజూ చూపిస్తారు. ఇక్కడ నాంపల్లిలో తెల్లవారుజామున పదిహేను. సముద్రం మా ఇంటికన్నా వెచ్చగా ఉంది.

జలుబు భయం లేదన్నమాట.

నవంబర్ 12, బుధవారం

బహుళ అష్టమి. మాసికం. వదినగారు సుల్తాన్ బజార్ నుంచి పొద్దున్నే వచ్చి వంట చేశారు. చెల్లెలి ఫొటో ముందు దీపం సరిచేస్తూ చాలాసేపు నిలబడ్డారు. నేను చూడనట్టు పేపరు చదివాను.

నవంబర్ 16, ఆదివారం

పుస్తకంలో చదివింది. సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. మే నెలలో ముప్ఫై దాకా పోతుంది. వానాకాలమంతా ఇంచుమించు అలాగే ఉంటుంది. జనవరిలో ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఈతకి వెచ్చటి నీళ్లే మంచివనుకుంటాం. తప్పు. నీళ్లు వెచ్చగా ఉండే నెలల్లోనే అలలు పెద్దవి. ఆ తర్వాత తుఫాన్లు. నీళ్లు కాస్త చల్లబడ్డాక, డిసెంబర్ నుంచి మార్చి దాకా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

ఇదంతా సుధకి రాసి పంపాను.

“నాన్నా, నీకు ఇంత పొడుగు మెసేజ్ రాయడం వచ్చా?” అంది.

నవంబర్ 17

27.8. అల మీటరు. పంపాను. బొటనవేలు బొమ్మ పంపింది.

నవంబర్ 18

28. అల మీటరు. బొటనవేలు.

నవంబర్ 28

వాయుగుండం అంటున్నారు. ఫోన్ చేశాను.

“నీళ్లలోకి దిగకు.”

“ఎర్రజెండా ఉంటే మేమెవ్వరం దిగం నాన్నా.”

“మేమంటే?”

అప్పుడు చెప్పింది. ఆడవాళ్ల గుంపట. పూలమ్మగారని ఒకావిడ, బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడే నేర్పుతారు. దిగే ప్రతి మనిషికీ ఒడ్డున ఒక మనిషి ఉండాలట. భర్తో, కొడుకో, అత్తగారో. వాళ్ల పని తమ మనిషి తలని చూస్తూ ఉండటం. ఒడ్డు మనిషి అంటారట. ఒడ్డు మనిషి లేకపోతే ఆ రోజుకి ఈత లేదు.

మంచి పద్ధతి అన్నాను.

నీకెవరు అని అడగలేదు. ఫోన్ పెట్టాక గుర్తొచ్చింది.

డిసెంబర్ 14, ఆదివారం

ఈ ఈత ఎందుకమ్మా అని ఇవాళ అడిగాను. బట్టలు మడత పెడుతున్నట్టుంది, చప్పుడు వినిపించింది.

“వెల్లకిలా తేలితే చెవులు నీళ్లలో మునుగుతాయి నాన్నా. ఇంకేమీ వినపడదు. నా ఊపిరే నాకు వినిపిస్తుంది. అమ్మ పోయాక నాకు నిద్రపట్టేది కాదు. ఈతకి వెళ్లిన రోజు పడుతోంది.”

నిద్రకి పాలు తాగు అన్నాను.

ఇంకేదైనా అనాల్సింది.

డిసెంబర్ 20

26.5. అల అరమీటరు. సుధకి పంపాను.

గీజర్ వెయ్యడం మళ్లీ మర్చిపోయాను. ఎప్పుడూ వసుమతే వేసేది. చన్నీళ్లు పోసుకున్నాను. ఏమీ కాలేదు.

డిసెంబర్ 21

గీజర్ మర్చిపోయాను.

జనవరి 4, ఆదివారం

“ఒకసారి రా నాన్నా. ఊరికే రా. నాలుగు రోజులుండి వెళ్దువుగాని.”

ఏటిసూతకంలో ప్రయాణాలు పనికిరావట, మీ పెద్దమ్మ చెప్పింది అన్నాను.

“నువ్వు అవన్నీ ఎప్పటి నుంచి నమ్ముతున్నావు?”

ఈ మధ్యనే అన్నాను. నవ్వింది. కాసేపు ఇద్దరం నవ్వాం.

నాంపల్లి స్టేషన్ ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి విశాఖ. వసుమతీ నేనూ కిందటేడు అలాగే వెళ్లాం. పై బెర్తు తనే తీసుకుంది, నా మోకాళ్ల కోసం.

జనవరి 24, శనివారం

వదినగారు దోసకాయ పప్పు గిన్నెతో వచ్చారు.

“రేపు కాక పై ఆదివారం మాఘ పౌర్ణమి మరిదిగారూ. సుధకి చెప్పాను, వాళ్లమ్మని తలచుకుని సముద్రంలో మూడు మునకలు వెయ్యమని. అంత దగ్గర సముద్రం పెట్టుకుని స్నానం చెయ్యకపోవడమేమిటి?”

“ఆ రోజు వద్దు వదినగారూ.”

“ఏం?”

బల్ల మీద గ్లాసూ గిన్నే పెట్టి చూపించాను. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉంటారు. పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. ఆ దిగే నీళ్లే మనిషిని లాగుతాయి. అష్టమి ప్రాంతాల్లో అయితే ఒకరి బలాన్ని ఒకరు తగ్గించుకుంటారు. నీళ్లు నెమ్మదిగా ఉంటాయి.

“అష్టమా!” గ్లాసు పక్కకి జరిపేశారు. “అష్టమి నాడు ఎవరైనా కొత్త చీర కట్టుకుంటారా, గడప దాటతారా? పైగా పర్వదినం కాకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదు. చంద్రుడికి కూడా మీ ఆఫీసులోలాగా మెమో ఇద్దామనుకుంటున్నారా?”

“నేను చెప్పేది కూడా చంద్రుడి గురించేనండీ.”

“మీకు చంద్రుడు అంటే లెక్క. మాకు దేవుడు. దేవుడు నిండుగా ఉన్న రోజున పిల్ల మునిగితే చెడు జరుగుతుందా?”

ఇద్దరం చూసేది ఒకే క్యాలెండరు. నేను వద్దన్న రోజే ఆమె కావాలంటున్నారు. ఆమె వద్దన్న రోజే నాకు కావాలి.

పప్పులో ఉప్పు వసుమతి వేసినట్టే ఉంది. ఆ మాట ఆమెతో అనలేదు. గిన్నె ఖాళీ చేశాను.

జనవరి 25, ఆదివారం

“పెద్దమ్మకి మాటిచ్చాను నాన్నా. లోపలికి వెళ్లం. పౌర్ణమికి ఈత వద్దని పూలమ్మగారే అన్నారు. నడుం లోతులో మునిగి వచ్చేస్తాం.”

“నడుం లోతులోనైనా లాగుతుంది. ఒడ్డున నిన్ను ఎవరు చూస్తారు?”

“పూలమ్మగారి భర్త. ఎప్పుడూ ఆయనే చూస్తారు, ఆవిణ్ణీ నన్నూ.”

“ఒక మనిషి ఇద్దర్ని ఎలా చూస్తాడు?”

“అందరికీ ఇంట్లోంచి ఎవరో ఒకరు వస్తారు నాన్నా. నువ్వు అక్కణ్ణుంచి డిగ్రీలు పంపిస్తావు.”

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జనవరి 28

26. పంపాను. బొటనవేలు.

జనవరి 31

చంద్రుడు బాల్కనీలోకి వచ్చాడు. తలుపు వేసేశాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

26. పోటు ఎక్కువ. జాగ్రత్త అని పంపాను. చూడలేదు.

ఫోన్ ఎత్తడం లేదు.

వదినగారికి చేశాను. పూజలో ఉన్నారని పనిమనిషి చెప్పింది.

ఎత్తడం లేదు.

చివరికి తనే చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

“నడుం లోతులోనే ఉన్నా నాన్నా. మూడో మునక వేసి లేచేసరికి కాళ్ల కింద ఇసుక లేదు. లోపలికి లాక్కుపోతోంది.”

ఎదురు ఈదలేదట. పూలమ్మగారు నేర్పినట్టే వెల్లకిలా తిరిగి తేలింది. లాగడం తగ్గాక ఒడ్డు వెంబడి పక్కకి, మెల్లగా ఈదింది. ఎక్కడో పడవలు కట్టేసిన చోట బయటపడింది.

“లేచి దగ్గరికి నడిచొస్తే ఒడ్డంతా పౌర్ణమి జనం. పూలమ్మగారి భర్త ఆవిణ్ణి చూస్తున్నారు. ఆయన తప్పు కాదు, ఆవిడ కూడా తూలింది. అంతమందిలో నా వైపు ఎవరూ చూడట్లేదు నాన్నా.”

అక్కడ గొంతు మారింది.

నేను చెప్పలేదా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగాను.

“దెబ్బ తగిలిందా?”

“మోకాలు గీసుకుంది.”

“పసుపు పెట్టు.”

“ఇంట్లో పసుపు లేదు.”

“కొనుక్కో.”

“సరే.”

మధ్యాహ్నం వదినగారు ఫోన్ చేశారు. సుధ స్నానం బాగా జరిగిందా అని అడిగారు. జరిగిందన్నాను. ఆమెకి ఈ విషయం తెలియకూడదు. తట్టుకోలేరు.

ఫిబ్రవరి 3

సుధ సముద్రానికి వెళ్లడం లేదు. మంచిదే.

ఫిబ్రవరి 4

26. అల అరమీటరు కూడా లేదు. పంపలేదు. దిగని మనిషికి ఎందుకు?

మంచిదే.

ఫిబ్రవరి 5

ఫోన్‌లో మాట్లాడింది. బ్యాంకులో పనెక్కువ అంది. పూలమ్మగారు ఇంటికి వచ్చి పిలిచారట, తలనొప్పి అని చెప్పిందట. నిద్రపడుతోందా అన్నాను. పాలు తాగుతున్నా అంది.

నేను కోరుకున్నది ఇదే కదా. ఇంట్లో ఉంది, క్షేమంగా ఉంది. తలుపేసుకుని, ఫోన్‌లో సరే సరే అంటూ ఉంది.

నాలాగే ఉంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అబిడ్స్‌లో ప్రహ్లాద్ దుకాణానికి వెళ్లాను. బ్యాట్లూ బంతులూ అమ్ముతాడు. డిగ్రీలో ఇద్దరం ఒకే బెంచీ. సంతాపానికి వచ్చి వెళ్లాక మళ్లీ కలవలేదు.

“ఏంది ప్రసాద్ భాయ్, గిన్నొద్దులకు యాదికొచ్చిన్నా? రా, కూసో. చాయ్ తాగుదాం.”

ఈత టోపీ కావాలన్నాను.

“గీ వయసుల ఈత నేర్చుకుంటవా? మోకాళ్లు ఏమంటున్నయ్?”

“నాకు కాదు, సుధకి.”

నల్లది తీశాడు, నీలంది తీశాడు. నీళ్లలో కలిసిపోని రంగు కావాలన్నాను. నిచ్చెనెక్కి పైన ఎక్కడి నుంచో నారింజ రంగుది తీశాడు. దుమ్ము దులిపి, పిడికిలి మీద తొడిగి చూపించాడు.

“గిది పెట్టుకుంటే చంద్రుని మీదికెంచి గూడ కనవడ్తది. సాలా?”

చాలన్నాను.

చాయ్ తాగుతున్నంతసేపూ క్రికెట్ గురించి మాట్లాడాడు. లేచేటప్పుడు నా చెయ్యి వదల్లేదు. “జర గడ్డం గీస్కో భాయ్. బిడ్డ గిట్ల చూస్తే ఫికర్ జేస్తది.”

తిన్నగా స్టేషన్‌కి వెళ్లి రేపటికి టికెట్ తీసుకున్నాను. పదో తేదీ సాయంత్రానికి తిరుగు టికెట్ కూడా. అక్కడ ఎక్కువ రోజులు ఉండి దాని పనికి అడ్డం పడటం ఎందుకు?

వదినగారికి ఫోన్ చేసి చెప్పాను.

“మరి మాసికమో?”

“అక్కడే చేస్తాను. శాస్త్రిగారిని అడిగాను, ఫరవాలేదన్నారు.”

అడగలేదు.

గడ్డం గీసుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం. విశాఖ

స్టేషన్‌కి వచ్చింది. చిక్కింది. నన్ను చూసి అది కూడా అదే అనుకుని ఉంటుంది. సంచీ లాక్కుంది.

ఇంట్లో కిటికీ పక్కన తువ్వాలూ ఈత బట్టలూ మడతపెట్టి ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. పసుపు డబ్బా ఇచ్చాను, మోకాలు చూశాను. మానుతోంది. టోపీ ఇచ్చాను. అటూ ఇటూ తిప్పింది.

“ఇదేంటి నాన్నా, ఈ రంగు?”

“కనపడటానికి.”

బల్ల మీద పెట్టేసింది. ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం తిన్నాక అన్నాను.

“రేపు అష్టమి.”

“అమ్మ మాసికం కదా, గుర్తుంది.”

“మాసికం మధ్యాహ్నం. పొద్దున్న నీళ్లు నెమ్మదిగా ఉంటాయి.”

నా వైపు చూసింది. “నువ్వే కదా వద్దన్నావు.”

“పౌర్ణమికి వద్దన్నాను.”

“భయంగా ఉంది నాన్నా.”

“నాకూ ఉంది.”

ఇంత చిన్న మాట అనడానికి నవంబర్ నుంచి ఇన్నాళ్లు పట్టింది.

ఫిబ్రవరి 9, సోమవారం. విశాఖ

26. అల అరమీటరు. ఇసుక చల్లగా ఉంది.

గుంపు అప్పటికే వచ్చేసింది. పొట్టిగా, గట్టిగా ఉన్న ఒకావిడ ఎదురొచ్చారు.

“వచ్చీసారా! మీరేనేటండీ డిగ్రీల నాన్నగారు? మీ మెసేజీ సుధమ్మ చదివితేగానీ మాలో ఎవ్వరం తువ్వాలు తియ్యం. వారం రోజులు డిగ్రీలు లేకపోతే ఏటైపోయిందో అనుకున్నాం.”

ఇది నాకు తెలియదు. సుధ ఇసుకలోకి చూస్తోంది.

“ఒడ్డు మనిషికి ఒక్కటే పనండీ,” అన్నారు పూలమ్మగారు. “సూపు తిప్పకూడదు. ఫోనొచ్చినా, తుమ్మొచ్చినా, ఎదురుగా దేవుడొచ్చినా సరే. మీరు నీళ్లలో దిగకూడదు. తేడాగా ఉంటే కేకెయ్యండి, ట్యూబు పట్టుకుని మేమెల్తాం.”

సుధ టోపీ పెట్టుకుంది. కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది లేకపోతే నువ్వు నాకు కనపడవు నాన్నా. ఒడ్డంతా ఒకటే మసక.”

దాని తువ్వాలు తెల్లది. కళ్లజోడు జేబులో వేసుకుని, తువ్వాలు విప్పి రెండు చేతులతో తల మీదికి ఎత్తాను.

“ఇది కనపడుతుందా?”

నాలుగడుగులు వెనక్కి నడిచి చూసింది. “కనపడుతోంది.”

వెళ్లింది. చీలమండల దగ్గర ఆగింది. మోకాళ్ల దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. తువ్వాలు ఇంకొంచెం పైకి ఎత్తాను. నడుం లోతు. అక్కడ చాలాసేపు నిలబడిపోయింది. పూలమ్మగారు పక్కనే ఉన్నారు. ఒక అల వచ్చి వెళ్లింది. రెండోది వచ్చేసరికి సుధ దాని మీదికి ఒరిగింది.

ఆ తర్వాత నాకు నారింజ రంగు తప్ప ఇంకేమీ లేదు.

అల లేస్తే పోతుంది. అల దిగితే వస్తుంది. పోయిన ప్రతిసారీ నేను కూడా ఊపిరి పట్టాను. జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. భుజాలు లాగుతున్నాయి. నా కళ్లజోడు మీద ఉప్పు తుంపర పడి మసకవుతోంది, తుడుచుకోలేదు. ఎవరో కుక్కని పిలుస్తున్నారు, అది నా కాళ్ల మధ్య నుంచి వెళ్లింది.

ఆగస్టులో ఆస్పత్రిలో కూడా నా పని ఇదే. వసుమతి నిద్రపోతుంటే దుప్పటి పైకీ కిందకీ కదలడం చూస్తూ కూర్చునేవాణ్ణి. డాక్టర్లు చేసేది వేరే ఉండేది. నాకు చూడటం ఒక్కటే. అదేం పని, ఎవరికి ఉపయోగం అనుకునేవాణ్ణి. తను మాత్రం కళ్లు తెరవగానే ముందు కుర్చీ వైపు చూసేది.

టోపీ ఒకచోట ఆగింది. కదలడం లేదు. కేక వెయ్యబోయాను. ఆ పక్కనే రెండు పాదాలు తేలాయి. వెల్లకిలా తిరిగింది. చెవులు నీళ్లలో ఉన్నాయన్నమాట. దానికిప్పుడు ఏమీ వినపడదు.

కేక వెయ్యలేదు. అలాగే ఉండనిచ్చాను.

తిన్నగా నా తువ్వాలు వైపే ఈదుకుంటూ వచ్చింది. ఇసుక మీద మోకాళ్ల మీద కూర్చుని దగ్గింది, నవ్వింది. తువ్వాలు కప్పబోతే చేతులు కిందికి దిగలేదు, బిగుసుకుపోయాయి. అదే లేచి, నా చేతులు ఒక్కొక్కటీ దించి, తువ్వాలు తీసుకుంది.

“నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో తెలుసా నాన్నా?”

తెలుసన్నాను. ఇరవై ఆరు.

“అలా కాదు,” అని తడి అరచేయి నా చెంప మీద పెట్టింది.

ఈసారి మనిషి తిరిగి వచ్చింది.

మధ్యాహ్నం సుధ వండింది. వీధి చివర పురోహితుడి ఇంట్లో స్వయంపాకం ఇచ్చి నమస్కారం చేసుకున్నాం. వచ్చాక అది చాప మీద పడుకుని, అలాగే నిద్రపోయింది. ఫ్యాను తగ్గించాను.

సాయంత్రం వదినగారు మళ్లీ ఫోన్ చేశారు.

“పొద్దున్న ఎత్తలేదేం?”

“సముద్రం దగ్గరున్నామండీ. చూస్తున్నాను.”

“అష్టమి పూటా! చూస్తే చూశారు. ముట్టుకోలేదు కదా?”

“నేను ముట్టుకోలేదు వదినగారూ.”

“హమ్మయ్య. పిల్ల ఎలా ఉంది?”

“నిద్రపోతోంది.”

“ఈ వేళప్పుడా? పోనీలెండి, లేపకండి. మీరెప్పుడొస్తున్నారు?”

“రేపు సాయంత్రం బండికి.”

“రేపు నవమి మరిదిగారూ! నవమి నాడు ప్రయాణం పెట్టుకుంటారా ఎవరైనా? చదువుకున్నవాళ్లు, మీతో చెప్పలేం కానీ...”

“లేదు లేదు. మీరు చెప్పారు కాబట్టి ఆగిపోతాను.”

ఇన్నేళ్లలో ఆమె మాట నేను వినడం ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

టికెట్ రద్దు చేస్తుంటే సుధ లేచి వచ్చి నా భుజం మీది నుంచి ఫోన్‌లోకి చూసింది. చెంప మీద చాప గీతలు పడ్డాయి.

“నవమి తర్వాత దశమి మంచిదేనా నాన్నా, ఈతకి?”

“మంచిదే.”

“ఏకాదశి?”

“అమావాస్యకి మాత్రం దిగం,” అన్నాను. “అప్పటిదాకా అన్నీ మంచి రోజులే.”